చిన్నోడి కాళ్ళకు పెట్టిన ఉప్పు

మా ఊరి పాత కోట దర్వాజకు మొన్న బోర్డు పెట్టారు. నీలం రంగు రేకు, తెల్లటి అక్షరాలు, చుట్టూ ఇనుప కంచె. తెలంగాణ వచ్చాక మా మండలంలో బడికీ చెరువుకట్టకూ అన్నిటికీ రంగులు పడ్డాయి గానీ, ఈ దర్వాజ వంతు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. సర్పంచి కొబ్బరికాయ కొట్టాడు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పినదాన్నని, పాత సంగతులు తెలిసిన ముసలిదాన్నని నన్ను కూడా పిలిచి శాలువా కప్పారు. ఎండ మాడిపోతోంది, దానికి తోడు ఆ శాలువా ఒకటి నా ప్రాణానికి. దాన్ని తీసి చేతిమీద వేసుకుని, అందరూ ఫొటోల గోలలో ఉండగా, నేను బోర్డు దగ్గరికి పోయి చదివాను.

ద్వారం ఎత్తు ఇంత, వెడల్పు ఇంత. సున్నం వాడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన రాతి దిమ్మెలు. శత్రువుల ఏనుగులు పరుగున వచ్చి తలుపును గుద్దకుండా కట్టిన వంపు దారి. అంతా బాగానే ఉంది. చివర్లో ఒక వాక్యం: "కుడివైపు ద్వారపాలకుని గచ్చు విగ్రహాన్ని, ఇక్కడ నివసించిన ఒక రాతిపనివాడు గుప్తనిధుల కోసం తవ్వి ధ్వంసం చేశాడు."

అది అబద్ధం. ఆ అబద్ధం చెప్పి రాయించింది నేనే.

రెండేళ్ళ కింద హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాత కట్టడాల గురించి చదువుకున్న పిల్ల. టేపు పట్టుకుని నాలుగు రోజులు రాయి రాయికీ కొలతలు తీసింది. దర్వాజ అరుగు మీద కూర్చున్న ముసలోళ్ళను, "ఇటుపక్క బొమ్మ ఏమైంది?" అని అడిగింది.

"గంట్లోడు తవ్విండు బిడ్డా, బంగారం కోసం" అన్నారు వాళ్ళు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "నిజమేనా టీచరమ్మా? మీరు చూశారా?"

"సూసిన" అన్నాను. "పొద్దుగాల పోయేసరికి పడి ఉన్నది. తవ్విండు."

ఆమె పుస్తకంలో రాసుకుంది. నేను చాయ్ తాగాను. అరవై దాటిన మనిషిని, పింఛను తీసుకుంటున్నదాన్ని, ఎవరు కొడతారని భయపడ్డానో ఇప్పటికీ నాకే తెలియదు. పదేళ్ళప్పుడు చేసిన తప్పుకు చిన్నపిల్లని అన్న సాకైనా ఉంది. రెండేళ్ళ కింద చేసినదానికి ఏం సాకు ఉంది నా మొహానికి?

మాది గొర్ల ఇల్లు. దసరా పోయిందంటే చాలు, మా బాపు పెద్ద మందను తోలుకుని కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు మేతకు పోయేవాడు. అమ్మ కూడా వంట కుండలు నెత్తిన పెట్టుకుని ఆయన వెంటే. పిల్లల తల్లి గొర్రెలు, నడవలేని ముసలివి, ఓ పది మేకలు ఇంటి దగ్గర మిగిలేవి. వాటితో పాటు తాత, అవ్వ, నేను. బడి ఉందా అంటే ఉంది. పంతులు వచ్చిన రోజు నేను రాలేదు, నేను పోయిన రోజు పంతులు రాలేదు. అట్లా సరిపోయింది.

దర్వాజ ఊరికి పడమట ఉంటుంది. కోట గోడలు ఎప్పుడో కూలి, రాళ్ళు మనుషుల ఇళ్ళ పునాదుల్లోకి పోయాయి. దర్వాజ ఒక్కటే నిలబడింది. బయటి నుంచి లోపలికి రాగానే ఎదురుగా గోడ అడ్డం వస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే అసలు తలుపులుండే చోటు. తలుపులు లేవు, వాటి బొడ్డు తిరిగిన గుంటలు మాత్రం కింది రాతిలో నున్నగా ఉన్నాయి. వానపడితే ఆ గుంటల్లో నీళ్ళు నిలిచేవి, మేకపిల్లలు తాగేవి. లోపలికి అడుగుపెట్టగానే గబ్బిలాల వాసన, తడిసిన ఉన్ని వాసన, ముసలోళ్ళు కాల్చి పారేసిన బీడీల వాసన. ఎంత ఎండలోనైనా ఆ రాళ్ళు చల్లగా ఉండేవి. మధ్యాహ్నం పూట చెంప ఆనించుకుని పడుకుంటే లేవబుద్ధి కాదు.

ఎవరు కట్టారని అడిగితే అరుగు మీద రోజూ కొట్లాటే. ఒకాయన పాత రాజులు అనేవాడు, ఒకాయన దేవతలు అనేవాడు. మా అవ్వ మాత్రం, "ఎవలు కడితే ఏంది, రాళ్ళు మోసినోళ్ళు మనసొంటోళ్ళే గదా" అనేది.

ఆ తలుపుల చోటు దాటాక, అటూ ఇటూ గోడలకు రెండు బొమ్మలు. సున్నపు గచ్చుతో చేసినవి, మనిషంత ఎత్తు. బుర్ర మీసాలు, చేతిలో గద, నడుముకు కత్తి. ఎడమ వాడిని పెద్దోడు అని, కుడి వాడిని చిన్నోడు అని పిలిచేవాళ్ళం. అన్నదమ్ములట. పెద్దోడి మొహం కోపంగా ఉండేది. చిన్నోడు నవ్వేవాడు. అందుకో ఏమో ఊరికి చిన్నోడంటేనే ప్రేమ. మేతకు పోయిన మంద ఏ ఊరి నుంచి తిరిగొచ్చినా ముందు దర్వాజలో ఆగాలి. మొదట ఈనిన గొర్రె పాలు పిండి చిన్నోడి పాదాల మీద చిలకరించాలి. ఆ తర్వాతే గొర్లు ఊళ్ళో అడుగుపెట్టేది. మా బాపు అదే చేసేవాడు, ఆయన బాపూ అదే చేశాడు. ఆడవాళ్ళు పండుగలకు ఆ పాదాలకు పసుపు పూసేవారు. పెద్దోడికి పాపం ఏమీ లేదు.

ఆ దర్వాజలోనే కావలివాళ్ళ గది ఒకటి ఉండేది. అందులో గంట్ల తాత ఉండేవాడు.

మా సొంత తాత కాదు. ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ సరిగా తెలియదు. భుజాన ఒక గోనెసంచి, అందులో నాలుగు ఉలులు, ఒక సుత్తె. ఊరూరా తిరుగుతూ, "ఇసుర్రాళ్ళకు గంట్లు కొడతమమ్మా, రోళ్ళకు గంట్లు కొడతం" అని అరిచేవాడు. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, విసుర్రాయి వాడగా వాడగా నున్నబడిపోతుంది. జొన్నలు నలగవు, పిండి బరకగా వస్తుంది. అప్పుడు ఆయన ఆ రాతిని ఒళ్ళో పెట్టుకున్నంత దగ్గరగా కూర్చుని, సన్నటి ఉలితో చిన్న చిన్న గంట్లు కొట్టేవాడు. టకటకా టకటకా ఒకే లెక్కన. ఒక్కో దెబ్బ ఒక్కో జొన్నగింజంత. వరుస తప్పేది కాదు. గంట్లు కొట్టిన రాతిలో మొదట గుప్పెడు నూకలు విసిరి, రాతి నలుసు ఉంటుందని ఆ పిండి చీమలకు చల్లేవారు. రెండోసారి విసిరిన పిండిలో ఒక దోసెడు ఆయనకు పెట్టేవారు. ఆ దోసెళ్ళతోనే ఆయన బతికాడు.

నాకు ఆ దర్వాజను చూపించింది ఆయనే. మామూలుగా అందరం దాని కింద నడిచిపోయేవాళ్ళం, అంతే. "పిల్లా, గీ రాయి మీద కొట్టు, గా రాయి మీద కొట్టు. రెండిట్ల ఏది గట్టిది?" అని గులకరాయి ఇచ్చి అడిగేవాడు. చప్పుడు విని చెప్పాలి. నేను తప్పు చెబితే నెత్తిమీద మొట్టికాయ. ఏనుగు పరుగెత్తుకొచ్చి గుద్దకుండా దారిని వంచారని చెప్పిందీ ఆయనే. "ఏనుగు మలిగేటందుకు జాగా గావాలె. మలిగినంక మల్ల ఉరికేటందుకు జాగా గావాలె. ఈడ రెండూ లేవు. ఎంత అకల్మందులో, ఎంత తెలివిగలోళ్ళో సూడు" అని, తానే కట్టినంత సంబరంగా నవ్వేవాడు. చలికాలం సీతాఫలాలు బూడిదలో కుక్కి కాల్చేవాడు. పై తోలు నల్లబడి, లోపల గుజ్జు వేడివేడిగా పాలు కాచినట్టు ఉండేది. నేను గొర్రె పాలు ముంతెడు తెచ్చి ఇస్తే, సీతాఫలం ఇచ్చేవాడు. గింజలు ఎవరు దూరం ఉమ్ముతారని పందెం. నేనే గెలిచేదాన్ని. ఆయనే గెలిపించేవాడని పెద్దయ్యాక అర్థమైంది.

ఇంత మంచి మనిషికి నేను చేసిన పని ఇది.

దర్వాజ దాటగానే ఊరివైపు పటేల్ గారి బావి, దాని కింద జొన్న చేను, ఆపైన వంకాయ తోట. సాయంత్రం మందను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు మా తాత వంపుకు బయటి అరుగు మీద బీడీ కోసం ఆగేవాడు. ఆ కాసేపు మందను దర్వాజలో ఆపే పని నాది. గొర్రె మాట వింటుందేమో గానీ మేక వింటుందా? పచ్చగా కనిపిస్తే చాలు, ఒకటి ఉరికితే వెనకాల అన్నీ. ఒకసారి చేలో పడ్డాయి. పటేల్ మనుషులు మూడింటిని బందెల దొడ్డిలో కట్టేశారు. వాటిని విడిపించుకురావడానికి తాత పటేల్ గడప ముందు తలపాగా తీసి నిలబడాల్సి వచ్చింది. ఇంటికి వచ్చి నన్ను తుమ్మ బరిగెతో కొట్టాడు. "ఇంకొక్కపాలి చేన్ల పడ్డయో, నిన్ను గూడ గా దొడ్లనే కట్టేస్త" అన్నాడు.

ఏడుస్తూ ఏడుస్తూనే నాకు ఉపాయం తట్టింది. అమావాస్యకు అమావాస్యకు తాత చదును బండ మీద ఉప్పు పోసేవాడు. గొర్లు తోసుకుంటూ తోసుకుంటూ వచ్చి బండను నాకేవి. ఉప్పు అయిపోయినా కదిలేవి కావు. రాయి తడి తడిగా మెరిసేదాకా నాకేవి. గొర్లోళ్ళ ఇంట పుట్టిన పిల్లకు తప్ప ఇంకెవరికి వస్తుంది అటువంటి ఆలోచన?

అవ్వ ఉప్పుకుండలోంచి రెండు గుప్పెళ్ళు దొడ్డుప్పు లంగా ఒడిలో కట్టుకుని పోయాను. మొదట గోడ రాళ్ళకే పూశాను. నల్లరాయి కదా, నీళ్ళు ఆరగానే ఉప్పు రాలిపోయింది. గొర్లు నాలుగు నాకులు నాకి పోయాయి. పక్కనే చిన్నోడు. గచ్చు కాళ్ళు. కొబ్బరి చిప్పలో ఉప్పునీళ్ళు కలిపి, గుడ్డపేలికతో ఆయన మోకాళ్ళ దాకా పూశాను. గచ్చు నీళ్ళను గుటగుటా తాగేసింది. ఆ సాయంత్రం మంద అక్కడికి రాగానే ఒక గొర్రె మూతి పెట్టింది. తర్వాత ఇంకొకటి. మేకలు ముందు కాళ్ళు గోడకు ఆనించి పైకి లేచి నడుము దాకా నాకాయి. ఒక్కటంటే ఒక్కటి చేను వైపు చూడలేదు. తాత బీడీ ఆసాంతం తాగి, "ఓ పిల్లా, ఇయ్యాల మంద నీ మాట బాగనే ఇన్నది" అన్నాడు. నేను ఎంత పొంగిపోయానో!

ఇక రోజు విడిచి రోజు అదే పని. గంట్ల తాత పగలంతా ఊళ్ళు తిరిగేవాడు కనుక మధ్యాహ్నం దర్వాజలో ఎవరూ ఉండరు. పూసి, చిప్పను గూట్లో దాచేదాన్ని. సాయంత్రం ఆయన తిరిగొచ్చి గొర్లను చూసి, "వీటికి చిన్నోడంటే ఎంత పానమో సూడు" అని మురిసేవాడు. ఇంట్లో అవ్వ కుండ వంచి చూసుకుని, "ఈ ఇంట్ల ఉప్పు ఎవలు తింటున్నరే? గోడలు తింటున్నయా?" అని అరిచేది. నేను రొట్టె నోట్లో కుక్కుకుని నవ్వాపుకునేదాన్ని.

చలి ముదిరేసరికి చిన్నోడి కాలివేళ్ళు పోయాయి. నాకు కనపడింది. కనపడలేదని చెప్పను. ఎండాకాలం వచ్చేసరికి పిక్కలు సన్నబడ్డాయి. చేత్తో తాకితే గచ్చు పిండి పిండిగా రాలింది. పసుపు పూసే ఆడవాళ్ళు, "పాతగైనయమ్మా, రాలుతున్నయి" అనుకుని పోయారు. ఆపేద్దాం, రేపటి నుంచి ఆపేద్దాం అనుకునేదాన్ని. ఆపితే మంద చేలో పడుతుంది. బరిగె, బందెల దొడ్డి, తాత తలపాగా. ఒక రోజు ఆపి చూశాను కూడా. మేకలు వంకాయ తోట దాకా పోతే ఏడుస్తూ ఉరికి మళ్ళేశాను. మర్నాడు మళ్ళీ ఉప్పు.

మృగశిర వచ్చింది. తొలి వాన రాత్రంతా కొట్టింది. తెల్లారి ఊళ్ళో కేకలు.

పోయేసరికి చిన్నోడు బోర్లా పడి ఉన్నాడు. కాళ్ళు ఎప్పుడో కరిగిపోయాయి, నడుము పైన బరువంతా నానిన గచ్చు మీద ఆగలేక కూలింది. మొహం మూడు ముక్కలు. మీసం ఒక ముక్కలో, నవ్వు ఒక ముక్కలో. అంతకంటే ఘోరం, ఆయన కడుపు ఉండాల్సిన చోట గోడలో ఒక బొర్ర. నలుచదరంగా, చేయి భుజం దాకా పెట్టినా కొస అందనంత లోతు. లోపల ఏమీ లేదు.

"బిందె ఉన్నది ఈడ" అన్నాడు ఎవరో. అంతే. ఎవరన్నారో కూడా తెలియదు. "బంగారం బిందె ఉన్నది, తీసుకున్నడు" అని రెండో గొంతు. ఆ దర్వాజలో పడుకునేది ఎవరు? ఉలులు ఉన్నది ఎవరికి? పటేల్‌కు ఆ గదిలో గడ్డి వేసుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. "నేను మొదటి సంది చెప్తనే ఉన్న, దిక్కులేనోణ్ణి కోటల ఉంచుకోవద్దని" అన్నాడు. గంట్ల తాత గోనెసంచిని మట్టిలో బోర్లించారు. నాలుగు ఉలులు, సుత్తె, చిరిగిన కంబళి, పిండి మూట.

ఆయన అరవలేదు. పడిపోయిన గచ్చు ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పటేలా, నా ఉలి దెబ్బ మీ అందరి ఇండ్లల్ల ఉన్నది. పోయి మీ ఇసుర్రాళ్ళు సూడుండ్రి. ఉలి తగిలితే గీత పడతది. ఈడ ఒక్క గీత ఉన్నదా?" అన్నాడు. నిజమే, ఒక్క గీత కూడా లేదు. కానీ ఎవరు చూస్తారు? అందరి కళ్ళూ ఆ బొర్రలోనే.

అప్పుడు ఆయన వేలితో ఆ ముక్కను గీరి, నాలుకకు రాసుకున్నాడు. ఆగిపోయాడు. ఇంకోసారి రాసుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు. "దీంట్ల ఉప్పున్నది."

"పాత గోడకు ఉప్పు పూయదారా?" అని పటేల్ అంటే అందరూ నవ్వారు.

గంట్ల తాత నవ్వలేదు. తలెత్తి నా వైపు చూశాడు. గుంపులో, మా తాత పక్కన, చేతిలో గొర్రెపిల్లతో నిలబడ్డాను నేను. ఆ క్షణాన కూడా నా లంగా ఒడిలో ఉప్పు ఉంది. తొడకు రాసుకుంటూ మండుతోంది. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఆయన నన్ను వేలెత్తి చూపలేదు. పేరు పెట్టి పిలవలేదు. కాసేపు చూసి, అందరినీ అడిగినట్టుగా అడిగాడు. "ఎవలకన్న ఏమన్న ఎరుకుంటే చెప్పుండ్రి. ఒక్కలు చెప్పినా చాలు."

నాకే ఛాన్స్ ఇచ్చాడు. అది అర్థం కాని వయసు కాదు నాది. నేను గొర్రెపిల్ల వీపులో మొహం దాచుకున్నాను. దాని ఉన్ని పాలవాసన వేస్తోంది. మళ్ళీ తలెత్తేసరికి ఆయన కిందికి చూస్తున్నాడు.

ఉలులను పటేల్ బావిలో వేశారు. ఒక్కొక్కటీ పడుతుంటే బుడుంగు బుడుంగుమని చప్పుడు. పొద్దు నెత్తికెక్కకముందే ఊరు విడిచి పొమ్మన్నారు. కంబళి భుజాన వేసుకుని చిట్యాల వైపు నడిచిపోయాడు. పిండి మూట అక్కడే మట్టిలో వదిలేశాడు.

ఆ మధ్యాహ్నం అవ్వ జొన్నలు విసిరింది. రెండు రోజుల కిందనే ఆయన మా రాతికి గంట్లు కొట్టి ఉన్నాడు. పిండి మెత్తగా, తెల్లగా పడుతోంది. "రాయి ఎంత మంచిగ కుదిరిందో సూడు. గిసొంటి చెయ్యి దొంగతనం చేస్తదా?" అని అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఊరంతటిలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే, అదీ వంటింట్లో. ఆ పిండితో చేసిన రొట్టెను నేను పక్కకు నెట్టాను. "పాలతోని నంజుకోవే" అంది. పాలు చూస్తే సీతాఫలం గుర్తుకొచ్చింది. దడి చాటుకు పోయి కుక్కకు పోశాను.

మర్నాడు సాయంత్రం మంద దర్వాజలోకి వచ్చింది. నేను ఉప్పు పెట్టలేదు, ఇక జన్మలో పెట్టనని ఒట్టు వేసుకున్నాను. అయినా గొర్లు రోజూలాగే కుడివైపు గోడ దగ్గరికి పోయాయి. మిగిలిన గచ్చు పెళ్ళలను, లోపలి ఇటుకలను నాకడం మొదలుపెట్టాయి. మేకలు కాళ్ళెత్తి బొర్రలో తలలు పెట్టాయి. అరుగు మీద ఆ వేళ ఎవరూ లేరు. మా తాత ఒక్కడే మంద వెంట లోపలికి వచ్చాడు. వెలిగించిన బీడీ వేళ్ళ మధ్యే ఆరిపోయింది. గొర్లను చూశాడు, గోడను చూశాడు, నన్ను చూశాడు. డెబ్బై ఏళ్ళు గొర్లు కాసిన మనిషికి ఎవరు చెప్పాలి?

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి, కర్రతో మందను బయటికి మళ్ళించాడు.

"పిల్లా, రేపటి సంది వాగు దిక్కు పోదాం" అన్నాడు. అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళు మా తాత దర్వాజలోంచి నడవలేదు. వాగు దారి మైలున్నర ఎక్కువ. వానాకాలం మోకాళ్ళ లోతు బురద. ఆయాసపడుతూ ఆ బురదలోనే నడిచేవాడు. పటేల్ దగ్గరికి పోయి నా మనుమరాలు చేసిన పని అని ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఒక్కసారి తీసిన తలపాగా రెండోసారి తీయలేకపోయాడేమో. ఆయన్ని అనేందుకు నాకేం నోరుంది?

బాపు ఆ ఏడు మందతో తిరిగి వచ్చి దర్వాజలో ఆగాడు. చేతిలో పాల ముంత. చిలకరించడానికి పాదాలు లేవు. పాలు నేల మీద పోశాడు. "ఏ లంగ కొడుకు తవ్విండో, వాని చేతులు పడిపోను" అని తిట్టాడు. నేను పక్కనే ఉండి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

గంట్ల తాత కబురు ఒక్కసారే తెలిసింది. రెండేళ్ళ తర్వాత రామన్నపేట అంగడికి పోయిన అవ్వ వచ్చి చెప్పింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ మాట పాకిపోయి, ఎవరూ రాయి ముట్టనివ్వలేదట. రోడ్డు పక్క కంకర కొడుతున్నాడట. "పలకరిస్తే నీ గురించే అడిగిండే. గా పిల్ల మంచిగున్నదా, గొర్లు మంచిగున్నయా అని" అంది అవ్వ. ఆ మాట వినకపోయి ఉంటే ఇంకొంచెం తేలిగ్గా బతికేదాన్ని.

ఆ తర్వాత నేను చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, టీచరునయ్యాను. ఎంతమంది పిల్లలకు చెప్పానో, తప్పు చేస్తే ఒప్పుకోవాలె, అబద్ధం ఆడొద్దు అని. పాట కట్టి మరీ నేర్పాను. విసుర్రాళ్ళ కాలం పోయింది, పిండి గిర్నీలు వచ్చాయి. మొన్నామధ్య సర్కారు గొర్రెలు లారీల్లో దిగితే మా తమ్ముడి కొడుకులు దర్వాజలోంచే తోలుకుపోయారు. అవి ఏ గోడనూ నాకలేదు. నేను మాత్రం చూస్తూ నిలబడ్డాను.

బోర్డు చదివిన రోజు రాత్రి అన్నం తినలేదు. నోటి మాటగా ఉన్నంత కాలం ఏదో ఒక రోజు మరిచిపోతారులే అనుకున్నాను. ఇప్పుడు రేకు మీదికి ఎక్కింది. నేను పోయాక కూడా అది ఉంటుంది. వచ్చినవాళ్ళంతా చదువుకుని ఆయన్ని తిట్టి పోతారు. పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "బిడ్డా, జర వస్తవా? బోర్డు మీద తప్పు పడ్డది" అన్నాను. ఆదివారం వచ్చింది.

దర్వాజలోకి తీసుకుపోయి, ఆ గోడ ముందే నిలబెట్టి మొత్తం చెప్పాను. ఉప్పుకుండ, కొబ్బరి చిప్ప, గొర్లు, వాన, ఆయన నాలుకకు రాసుకున్న గచ్చు. నేను ఆపాక ఆ పిల్ల టార్చి వేసి బొర్రలోకి చూపించింది.

"టీచరమ్మా, ఇందులో నిధి ఏముంటది? తలుపుల గడియ దూలం దాచే బొర్ర ఇది. తలుపు తీసినప్పుడు దూలాన్ని గోడలోకి నెట్టేవాళ్ళు. ఎదురుగా పెద్దోడి వెనుక కూడా చిన్నది ఉండాలి. తలుపులు పోయాక, ఎప్పుడో తర్వాతి వాళ్ళు పైన గచ్చు బొమ్మలు చేసి మూసేశారు."

రాళ్ళ సంగతి అంత తెలిసిన గంట్ల తాతకు ఆ ఒక్కటి చెప్పే అవకాశం రాలేదు. వచ్చినా ఎవరూ వినేవాళ్ళు కాదు. నేను పోయి అరుగు మీద కూర్చున్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఆ పిల్ల నీళ్ళ సీసా ఇచ్చి, నేను తేరుకునేదాకా ఆగి, పుస్తకం తెరిచింది.

"ఆ వాక్యం తీసేయిస్తాను. ఆఫీసుకు రాయాలి, కొంచెం టైం పడుతుంది. వట్టిగా తీసేయడం కంటే అసలు జరిగింది రాస్తే బాగుంటది గదా. ఆయన పేరేంది టీచరమ్మా?"

నోరు తెరిచాను.

గంట్లోడు. గంట్ల తాత. ఆయన దెబ్బ వరుస నాకు గుర్తుంది. మొట్టికాయ గుర్తుంది. సీతాఫలం గింజలు ఎంత దూరం ఉమ్మేవాడో కూడా గుర్తుంది. పేరు తెలియదు. ఆయన చేత్తో కొట్టిన రాతి పిండి తిని పెరిగాను, ఒక్కనాడు అడగలేదు.

"తెల్వది బిడ్డా."

"ఊళ్ళో ఇంకెవరికైనా తెలిసి ఉంటదా?"

"ఎవలకు తెల్వది. ఎవలం అడగలే."

ఆ పిల్ల చుక్కలు పెట్టి కొంత జాగా ఖాళీ వదిలింది. ఆ ఖాళీని చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే.

"ఆయన పేరు తెల్వకపోతే ఏమాయె, నా పేరు తెలుసు గదా" అన్నాను. "గొర్రెలతోని చిన్నోణ్ణి నాకించింది ఎవలో రాయి. నోరు మూసుకున్నది ఎవలో రాయి. ఇంటిపేరుతో సహా రాయి."

"టీచరమ్మా, బోర్డు కదా. ఊరంతా చదువుతది. మీ పిల్లలు, మనుమలు…"

"సదవనీ."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి రాయడం మొదలుపెట్టింది. అక్షరం తప్పు పోకుండా నేను పక్కనే నిలబడి చూశాను.